తలకు దెబ్బ తగిలినోణ్ణి మళ్లీ ఆటలోకి తోసేదేంది?

‘కంకషన్’ (అంటే దెబ్బకి మెదడు అదరడం) సినిమా చూసినప్పటి నుంచి కడుపు మండిపోతోంది. 2015 నాటిది, విల్ స్మిత్ హీరో.

ఫుట్‌బాల్‌లో తలకు తగిలే దెబ్బల మీద, నిజంగా జరిగిన కథ. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది. హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికా ఆట. మైక్ వెబ్‌స్టర్ నాలుగు సూపర్ బౌల్‌లు (ఆ ఆటలో ఏటా జరిగే ఫైనల్) గెలిచిన పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు. అంతటోడు మతి చెడి ట్రక్కులో పడుకునే గతికొచ్చి, 2002లో 50 ఏళ్లకే పోయాడు. పోస్ట్‌మార్టం చేసిన నైజీరియా డాక్టరు బెన్నెట్ ఒమాలుకు మెదడు పైకి మామూలుగానే కనిపించింది. ఆయన వదల్లేదు. సొంత డబ్బు పెట్టి పలచటి ముక్కలు కోయించి, మైక్రోస్కోపు కింద చూస్తే టావ్ ప్రొటీన్ పేరుకుపోయి ఉంది. తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే, సీటీఈ అనే ఆ జబ్బును బతికుండగా ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు.

2005లో ఆ పరిశోధన ఒక వైద్య పత్రికలో అచ్చయింది. వెనక్కి తీసుకోమని, ఆ ఆట నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కమిటీ డాక్టర్లు ఆ పత్రిక మీద పడ్డారు. మెదడు దెబ్బల మీద వేసిన ఆ కమిటీకి ఏళ్లపాటు పెద్ద ఎవరనుకున్నారు? కీళ్లవాతం డాక్టరు! 1999లోనే అదే లీగ్ రిటైర్మెంట్ బోర్డు, వెబ్‌స్టర్ ఆటలో తగిలిన దెబ్బల వల్లే పనికి రాకుండా పోయాడని ఒప్పుకుని డబ్బు కట్టింది. అన్నీ తెలిసి కూడా ఒమాలుని అబద్ధాలకోరును చేశారు. సినిమాలో ప్రేమకథ తగ్గించి ఈ భాగం ఇంకా చూపించాల్సింది.

మన ఫుట్‌బాల్‌కి ఈ బాధ లేదనుకోకండి. ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ ఆస్టల్ కూడా 2002లోనే, 59 ఏళ్లకి పోయాడు. ఏళ్ల తరబడి బంతిని తలతో కొట్టడం వల్లే అని విచారణాధికారి తేల్చి, వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా రాశాడు. 2020లో అక్కడ 11 ఏళ్లలోపు పిల్లలకి ట్రైనింగులో హెడింగ్ మాన్పించారు.

మరి మన తిరుపతిలో? పొద్దున్నే ఎస్వీయూ గ్రౌండ్‌కి పోండి, ఎనిమిదేళ్ల పిల్లోళ్లు కూడా తలతో కొడుతుంటారు. మొన్న ఒక స్కూల్ టోర్నమెంటులో ఇద్దరు తలలు గుద్దుకున్నారు. ఒకడు తూలుతున్నాడు. మొహాన నీళ్లు కొట్టి, ‘ఏం కాలేదులే, లెయ్ రా’ అని మళ్లీ లోపలికి తోసేశారు. గట్టిగా అడిగితే ‘మగపిల్లోడు కదన్నా’ అన్నారు. మెదడుకి ఆడామగా ఏంది?

పీఈటీ సార్లూ, తలకు దెబ్బ తగిలి తూలినోణ్ణి ఆ రోజు మళ్లీ దించొద్దు. వాంతులైనా, మగతగా ఉన్నా నేరుగా రుయా ఆసుపత్రికి తీసుకుపోండి. చిన్నపిల్లలకి హెడింగ్ ఆపేస్తామనే కోచ్‌లుంటే చెప్పండి, మా కాలనీ తల్లిదండ్రులతో నేను మాట్లాడతా.