తుక్కు అతను పక్కకు నెట్టేసిన ప్యాకెట్లు

పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు మా అమ్మ దాన్ని పూర్తిగా తెగనివ్వదు. ఆ చిన్న ముక్క సింకులో పడితే కాలువలోకే పోతుందని, కవరును అంటుకునే ఉండేలా కోస్తుంది. ఖాళీ కవర్లు కడిగి, ఆరబెట్టి, పోగుచేసి తుక్కు కొనే అతనికి కిలోల లెక్కన అమ్ముతుంది.

మొన్న ఆదివారం ఆ సంచిలో చిప్స్, బిస్కెట్, షాంపూ ప్యాకెట్లు కూడా కడిగి వేశాను. అతను పాల కవర్లు, నీళ్ల సీసాలు తూకం వేసుకుని మిగతావన్నీ పక్కకు నెట్టేశాడు. "ఇవి ఎవరూ తీసుకోరమ్మా" అన్నాడు మా అమ్మతో.

నిజమే. పాల కవరంతా ఒకటే రకం ప్లాస్టిక్, పాలిథీన్. ముడి చమురు నుంచి తీసిన నాఫ్తా అనే ద్రవాన్ని విపరీతమైన వేడిలో విడగొడితే ఇథిలీన్ వాయువు వస్తుంది. దాని అణువులను గొలుసులా కలిపితే పాలిథీన్. ఒకే రకం కాబట్టి కరిగించి మళ్లీ గుళికలు చేయొచ్చు. నీళ్ల సీసాల నుంచైతే పాలిస్టర్ దారం తీస్తారు. చిప్స్ ప్యాకెట్ చించి చూడండి, లోపల వెండిలా మెరిసేది అల్యూమినియం పూత. దానికి అటూ ఇటూ ప్లాస్టిక్ పొరలు, మధ్యలో రంగులు, జిగురు. వీటిని విడదీసే ఖర్చుకు తగ్గ సరుకు చేతికి రాదు.

ఇది ప్రభుత్వానికి తెలియక కాదు. రీసైకిల్ కాని ఈ పొరల ప్యాకెట్లను రెండేళ్లలో ఆపేయాలని 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో రాశారు. సరిగ్గా గడువు తీరే 2018లో ఆ వాక్యాన్నే మార్చేశారు. ఇంధనంగా పనికొచ్చినా, ఇంకో వాడకం ఉన్నా ఫర్వాలేదన్నారు. అంటే సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో తగలబెట్టినా లెక్క సరిపోయినట్టే! 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు నిషేధించారు, మంచిదే. షాంపూ ప్యాకెట్ జోలికి మాత్రం పోలేదు. గుట్కాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మకూడదని నిబంధన పెట్టగలిగారు కదా, దీనికి ఏం అడ్డొచ్చింది?

దయచేసి రూపాయి షాంపూ కొనేవాళ్లను తిట్టకండి. ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే ఇంట్లో సీసా కొనడానికి ఒకేసారి అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? ఆ ప్యాకెట్ తయారుచేసే కంపెనీని అడగాలి, దాన్ని వదిలేసిన నిబంధనను అడగాలి.

అతను వదిలేసినవి ఇంకా మా బాల్కనీలోనే ఉన్నాయి. రోజూ పొద్దున చెత్తబండి వస్తోంది. అందులో వేస్తే చివరికి డంపింగ్ యార్డుకో బట్టీకో చేరతాయని తెలిశాక, వేయడానికి చెయ్యి రావడం లేదు.