బాసిల్లస్ సీరియస్ అన్నకి ఒక బ్యాచిలర్ రాసే లేఖ

సీరియస్ అన్నా,

నీ పేరు చూసి ఏందో గంభీరమైన శాల్తీ అనుకున్నా, తీరా చూస్తే నువ్వు అన్నంలో చేరే ఒక బ్యాక్టీరియావి, నీ పేరుకేమో లాటిన్‌లో మైనం రంగు అని అర్థమంట. 1887లో ఫ్రాంక్‌లాండ్ అనే శాస్త్రవేత్త దంపతులు ఆ పేరు పెట్టేటప్పుడు తెలుగోళ్ళు దాన్ని ఎట్లా చదువుకుంటారో అనుకోలేదు పాపం, కానీ కరెక్టుగా కుదిరింది.

శనివారం రాత్రి కుక్కర్లో అన్నం మిగిలింది. మే నెల తిరుపతి గదా, రూములో గోడలు గూడా కాలతా ఉండాయి, అయినా ఫ్రిజ్‌లో పెట్టేదానికి బద్ధకమేసి మూత పెట్టి పడుకున్నా. పొద్దున శెనక్కాయ విత్తనాలు, పచ్చిమిరక్కాయలు ఏసి తిరగబాత పెట్టి నిమ్మకాయ పిండితే చిత్రాన్నం ఘుమఘుమ. ఏడింటికి తిని, చిత్తూరు బస్సెక్కి, చంద్రగిరి రాకముందే కిటికీలోంచి తల బయట పెట్టినా. కండక్టర్ "పొద్దున్నే తాగినావాప్పా" అనె. చిత్రాన్నం అంటే నమ్మలా!

ఉడికితే చస్తావనుకున్నా. నీ ఒళ్ళు చస్తాదంట గానీ స్పోరు అని గట్టి గింజ మాదిరి మిగిలి, అన్నం గోరువెచ్చగా ఆరేసరికి లేచి పిల్లల్ని పెడతావంట, పైగా సెరియులైడ్ అని విషం కక్కిపోతావు, దాన్ని 121 డిగ్రీల్లో గంటన్నర పెట్టినా ఏమీ కాదు, ఇంక నా తిరగబాత ఎంత. మా ఊర్లో ఒకాయన పోయి పదేళ్ళయినా ఆయన పెట్టిన గట్టు తగాదాలు కోర్టులో నడస్తానే ఉండాయి, నీదీ అదే బాపతు.

అవ్వ దగ్గరికి చేరి చెప్తే నవ్వింది. "రాత్రే నీళ్ళు పోసి ఇంత మజ్జిగ కలిపుంటే సద్ది అయ్యుండేది గదరా" అనింది. ఆ మజ్జిగలో ఉండేది లాక్టోబాసిల్లస్, నీ దాయాదే, అదీ కడ్డీ మాదిరే ఉంటాది, బ్యాక్టీరియాని గుర్తుపట్టేదానికి వాడే గ్రామ్ రంగేస్తే అదీ నీ మాదిరే ఊదాగా కనిపిస్తాది, కాకపోతే అది పులుపు పుట్టిస్తాది, ఆ పులుపులో నువ్వు పెద్దగా తలెత్తలేవు. నేను నిమ్మకాయ పిండింది నువ్వు పని ముగించినాక. అవ్వ మైక్రోస్కోప్ మొహం గూడా చూళ్ళా.

ఒకటే అడుగుతా అన్నా. పాలు విరిగితే తెలుస్తాది, పప్పు పాసిపోతే వీధికంతా తెలుస్తాది, నువ్వు మాత్రం వాసన లేదు, జిగట లేదు, రుచి గూడా మార్చవు. కొంచెం కంపన్నా కొట్టచ్చు గదా.

ఇట్లు,
కుక్కరు ఇంకా కడగనోడు