పోర్చుగీస్ ఫెలోషిప్: యూనివర్సిటీ కంటే ముందు చూడాల్సినవి

పోర్చుగీస్ మెరుగుపరచుకోవడానికి ఫెలోషిప్ వచ్చిందంటే చాలామంది మొదట చూసేది యూనివర్సిటీ పేరు. పోర్చుగల్‌లో 1290లో పుట్టిన కోయింబ్రా యూనివర్సిటీ లాంటి చోట సీటు దొరికితే సంతోషించాల్సిందే. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏ దేశం, ఎవరింట్లో బస.

రాతలో దాదాపు ఒకటే అయినా, చెవికి పోర్చుగీస్ ఒకటి కాదు. పోర్చుగల్‌లో ఊనిక పడని అచ్చుల్ని మింగేస్తారు. ‘తెలెఫోనె’ అని రాసి ఉన్న మాట బ్రెజిల్‌లోని రియోలో ‘తెలెఫోని’ అవుతుంది, లిస్బన్‌లో దాదాపు ‘త్లఫోన్’. బాగా తెలిసిన మాటే తెలియనట్టు వినిపిస్తుంటే ఎంత చదువుకున్నవాళ్లకైనా టెన్షన్ తప్పదు. పదాలూ మారతాయి. బస్సు లిస్బన్‌లో ‘ఔతోకారు’, బ్రెజిల్‌లో ‘ఓనిబుస్’, మొజాంబిక్‌లో ‘మషింబోంబు’. రేపు మొజాంబిక్ రాజధాని మపూతోలో పరిశోధన చేయబోయే మనిషి ఏడాదంతా లిస్బన్‌లో గడిపితే సగం పని మళ్లీ మొదలుపెట్టాలి.

లిస్బన్‌కు చెవి అలవాటైతే బ్రెజిల్ మాట సులువుగా అందుతుంది, నిజమే. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను బ్రెజిల్‌నే చెబుతాను, అదీ పెద్ద పర్యాటక నగరాలు కాకుండా. లిస్బన్ నడిబొడ్డున మనం కాస్త తడబడితే చాలు, ఎదుటివాళ్లు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. బ్రెజిల్‌లోని చిన్న ఊళ్లలో ఆ దారి పెద్దగా ఉండదు. మాట్లాడక తప్పదు.

ఇక బస. తోటి విదేశీ విద్యార్థులతో ఫ్లాట్ పంచుకుంటే తరగతిలో మూడు గంటలు పోర్చుగీస్, మిగతా రోజంతా ఇంగ్లీషు. అమెరికా ప్రభుత్వ ఫెలోషిప్ ఫుల్‌బ్రైట్ కింద బ్రెజిల్ వెళ్లి ఇంగ్లీషు బోధనలో సాయపడేవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాళ్ల ఉద్యోగమే ఇంగ్లీషు మాట్లాడటం. స్పానిష్ వచ్చినవాళ్ల కష్టం వేరు. మొదట్లో పరుగెడతారు, తర్వాత రెండూ కలిసిన ‘పోర్తున్యోల్’ దగ్గర ఆగిపోతారు. స్పానిష్‌లో కమ్మటి వంటను మెచ్చుకునే ‘ఎస్కిసీతో’ లాంటి మాటే పోర్చుగీస్‌లో ‘ఎస్కిజీతు’. దానికి అర్థం ‘వింతగా ఉంది’. ఆ తప్పును అక్కడికక్కడే దిద్దేది వంట చేసి పెట్టిన ఇంటివాళ్లే.

బ్రెజిల్ ప్రభుత్వ పోర్చుగీస్ పరీక్ష సెల్పె-బ్రాస్ కూడా ఇలా భాషను నిజంగా వాడటాన్నే కోరుతుంది. వ్యాకరణం మీద విడి ప్రశ్నలుండవు. వీడియో చూసి, ఆడియో విని, అవసరానికి తగ్గట్టు ఉత్తరమో వ్యాసమో రాయాలి, ఇరవై నిమిషాలు ముఖాముఖి మాట్లాడాలి. మార్కుల్ని బట్టి నాలుగు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తారు.

అందుకే ఎంపిక కమిటీలు దరఖాస్తులో కోర్సు వివరాలతో ఆగకూడదు. సాయంత్రాలు ఎవరితో గడుపుతారో, ఏ పనిలో చేరతారో కూడా రాయమనాలి. స్థానిక కుటుంబంతో ఉండటానికి అయ్యే ఖర్చును ట్యూషన్ ఫీజుతో సమానంగా లెక్కలోకి తీసుకోవాలి.