బ్లూరే కొనడానికి ఇదే సుముహూర్తం

అందరూ మానేస్తున్నప్పుడు మొదలుపెట్టడంలో ఒక సుఖం ఉంది, పోటీ ఉండదు. డీవీడీ తర్వాత వచ్చిన సినిమా డిస్కు బ్లూరే. అమెరికా మార్కెట్‌కి కొత్త బ్లూరే ప్లేయర్లు ఇక తేనని శాంసంగ్ 2019లోనే చెప్పేసింది. రాసుకునే ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంతులుగారు పెడతారు? అందుకే బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో, టీవీ కింద, గత నెల ఒక 4కే బ్లూరే ప్లేయర్ వెలిసింది. ఎస్పీ రోడ్డు షాపాయన పైఅర నుంచి దాన్ని దించి, దుమ్ము ఊది, "ఇంకా అడిగేవాళ్లున్నారా సార్?" అని నన్ను ఆప్యాయంగా చూశాడు.

ఈ విషయంలో నాకు అనుభవం లేకపోలేదు. 2007లో అమెరికా నుంచి వస్తున్న మా బావ చేత ఎచ్‌డీ డీవీడీ ప్లేయర్ తెప్పించుకున్నా. అప్పట్లో దానికీ బ్లూరేకీ యుద్ధం. రెండిట్లోనూ నీలం లేజరే, 405 నానోమీటర్లు. మామూలు డీవీడీలో ఎర్రది, 650. కిరణం సన్నబడేకొద్దీ డిస్కు మీద గుంతలు చిన్నవిగా, దగ్గరదగ్గరగా, బోలెడన్ని పెట్టొచ్చు (మా అవుటర్ రింగ్ రోడ్డుకి కూడా ఇదే టెక్నాలజీ వాడినట్టున్నారు). ఒక్క పొరలో బ్లూరేకి 25 జీబీ, ఎచ్‌డీ డీవీడీకి 15. నేను బాగా ఆలోచించి 15 వైపు నిలబడ్డా. 2008 ఫిబ్రవరి 19న ఎచ్‌డీ డీవీడీని ముందుండి నడిపిన తోషిబా చేతులెత్తేసింది. ఆ ప్లేయర్‌ని ఊళ్లో మా నాన్న టీవీకి ఎత్తు చాలక కింద పెట్టుకున్నారు, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది.

అసలు డిస్కు ఎందుకంటారా? ఓటీటీలో ఒప్పందం అయిపోతే సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది, అల్మరాలో డిస్కు ఎక్కడికీ పోదు. పైగా 4కే డిస్కు నుంచి సెకనుకి 100 మెగాబిట్ల పైన రాగలవు, ఓటీటీలో సాధారణంగా పాతిక లోపే. చీకటి సీన్లలో నలుపు గళ్లుగళ్లుగా కనపడకుండా నల్లగానే ఉంటుంది. ఇదంతా నిజమే, నేను వెటకారమాడటం లేదు. కాకపోతే తెలుగు సినిమా డిస్కు దొరకాలంటే పూర్వజన్మ సుకృతం కావాలి. ఒకప్పుడు డిస్కుల కంపెనీ మోసర్ బేర్ వాళ్లు 28 రూపాయలకి వీసీడీ, 34కి డీవీడీ అమ్మిన దేశం ఇది!

ఆదివారం ప్రారంభోత్సవం. మామగారిని సోఫాలో మధ్యన కూర్చోబెట్టా. స్విచ్ వేయగానే అప్‌డేట్ కావాలంది, అది అయ్యేలోపు పకోడీలు అయిపోయాయి. మొదటి డిస్కు పెడితే రీజియన్ తేడా అంది. మామూలు బ్లూరేల్లో ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా తాళం వేయొచ్చు, అమెరికాది ఏ, మనది సీ. డబ్బులిచ్చి కొన్న సినిమాకి కూడా వీసా కావాలన్నమాట. 4కే డిస్కులకి ఈ బాధ లేదు కాబట్టి రెండోది పెట్టా. పైరసీ నేరమని హెచ్చరిక వచ్చింది. రిమోట్‌లో ఏ బటన్ నొక్కినా కదలదు. దొంగ కాపీ చూసేవాడికి ఈ శిక్ష లేదు, వాడికి నేరుగా సినిమానే.

"అల్లుడుగారూ, మనమేం దొంగతనం చేశాం?" అన్నారు మామగారు, నిజంగానే కంగారుపడి.

చివరికి బొమ్మ పడింది. తేడా చూపించాలని హీరో మొహం దగ్గర పాజ్ చేశా. నుదుటి మీద విగ్గు అతికించిన గీత, జిగురుతో సహా, స్పష్టంగా తేలింది. "ఏమండీ, ఇది చూడ్డానికా అంత డబ్బు తగలేశారు?" అని మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మామగారు మాత్రం పూర్తిగా చూశారు, ఫోన్లో, వేరే సినిమా.

నిన్న మా బావ ఫోన్ చేశాడు. వచ్చే నెల వస్తున్నాడట, ఏమైనా తేవాలా అని. అక్కడ ఏ కంపెనీ ఏ వస్తువుని ఆపబోతోందో కాస్త కనుక్కుని, అది ఒకటి తెమ్మన్నా.