సంఘర్షణ గడిని ఖాళీగా వదలరాదు

తెలుగు కథ ఇన్నేళ్లుగా క్రమశిక్షణ లేక చెడిపోతున్నదని గ్రహించి, దానిని దారిలో పెట్టే భారాన్ని నల్లగొండలో ఒక కథల పోటీ నిర్వాహకులు భుజాన వేసుకోవడం ముదావహం. ఈసారి దరఖాస్తులో రచయిత పేరు, ఫోన్ నంబరు, హామీపత్రం తరువాత ‘సంఘర్షణ రకం’ అని ఏడు గడులు ముద్రించారు. మనిషికి మనిషితో, ప్రకృతితో, సమాజంతో, విధితో, యంత్రంతో, అతీతశక్తితో, చివరకు తన మనసుతోనే జరిగే పోరులలో ఏదో ఒక్కదానికి మాత్రమే టిక్కు పెట్టాలి. 1895లో జార్జ్ పోల్టీ అనే ఫ్రెంచి పెద్దమనిషి నాటక సందర్భాలను 36గా లెక్కగట్టి అలసిపోయాడు. మనవాళ్లు ఏడింటితో సరిపెట్టి కాగితం ఖర్చు తగ్గించారు.

ఈ విభజనలో అసలు సరుకే లేదనడం అన్యాయం. పాత్రకు ఒకటి కావాలి, దానికి ఏదో అడ్డు రావాలి. ఆ అడ్డు ఎదుటి మనిషి కావచ్చు, కురవని వాన కావచ్చు, ఊరి కట్టుబాటు కావచ్చు, సొంత పిరికితనమూ కావచ్చు. మంచి కథలో ఇవి రెండు మూడు పెనవేసుకొని ఉంటాయి. పైకి అత్తాకోడళ్ల తగాదాగా కనిపించేదానికి అడుగున, ఆ ఇద్దరినీ వాకిట్లోకి దింపిన కరువు ఉంటుంది. ఏది పైపొరో, ఏది అడుగుపొరో తేల్చుకోవడానికి రాసేవారికి ఈ పేర్లు అక్కరకొస్తాయి. నిర్వాహకులకు మాత్రం పొరలు గిట్టవు. ధరణి పోర్టల్ నడిచిన రోజులలో చిక్కున్న భూమిని పార్ట్-బి అనే పక్క జాబితాలో పడేసినట్లు, రెండు గడులలోకి వచ్చే కథను వారు విడిగా కట్టకట్టి పెట్టారు.

ఆ కట్టలో మర్రిగూడ వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన కథ ఉన్నది. ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగి నడుము వంగిపోయిన అవ్వ తలెత్తి ఎవరి ముఖమూ చూడజాలదు. వచ్చినవారిని చెప్పులను బట్టి పోల్చుకుంటుంది. పట్నం నుంచి కొత్త బూట్లతో వచ్చిన మనవడు ఎదుట నిలబడితే "ఎవరు బిడ్డా?" అని అడుగుతుంది. కథ అంతే. అమ్మాయి గడి నింపలేదు కనుక ముగ్గురు న్యాయనిర్ణేతలు ఆ పనికి కూర్చున్నారు.

ఎముకలను వంచే ఫ్లోరైడు రాతిలోంచి నీటిలోకి కరుగుతుంది గనుక ఇది ప్రకృతి అన్నారు మొదటివారు. రాయి తనంతట తాను నోట్లోకి రాలేదు, లోతుకు దింపిన బోరే తెచ్చింది గనుక ఇది యంత్రం అన్నారు రెండవవారు. మోటారు ఎన్ని హార్స్‌పవరో కథలో లేదు కాబట్టి యంత్రం పాత్ర బలహీనమని ఒకరు, రాయికి ఒక్క సంభాషణైనా లేదు కాబట్టి ప్రకృతి పాత్ర అంతకన్నా బలహీనమని మరొకరు వాదించుకున్నారు. మూడవవారు కళ్లు మూసుకొని ‘విధి’ అన్నారు. ఇంతలో బగారన్నం వచ్చింది. తిన్న తరువాత సామరస్యం కుదిరి, అవ్వకు కలలో ఎల్లమ్మ తల్లి కనిపించేటట్లు తిరగరాస్తే అతీతశక్తి గడిలో పోటీ తక్కువగా ఉన్నదని రచయిత్రికి సూచించాలనుకున్నారు. సమాజం గడి పేరెత్తినవారు లేరు. చివరకు ఎవరి మనసూ నొచ్చుకోని గడి కనుక ప్రకృతికే టిక్కు పడింది.

ఈ పద్ధతిన చాకలి ఐలమ్మ పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు రావడం ‘మనిషితో’ గడిలో చేరుతుంది, గట్టు దగ్గర ఇరుగుపొరుగువారు మాటామాటా అనుకున్నట్లుగా. కూలీలను దూరప్రాంతాల పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పాలమూరు నుంచి వలసపోయే మనిషి కథ ‘మనసుతో’ గడిలో పడుతుంది, బస్సెక్కుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు గనుక.

రాతిలో ఫ్లోరైడు ఉండటం ప్రకృతి. తెలిసి తెలిసి అదే నీటిని యాభై ఏళ్లు తాగించడం ప్రకృతి ఎట్లా అవుతుంది? ఈ నేల నీటిలో విషమున్నదని 1940లలోనే తెలుసు. ఇదే జిల్లాలో నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా 1955లో సాగర్‌కు పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మర్రిగూడ, మునుగోడు మెట్టకు ఆ నీళ్లు ఎక్కలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు వచ్చింది. పేరు మాకు, నడుము నొప్పి మాకు, మంచినీళ్లు ఇంకెవరికో! ఆ అవ్వ వంగింది రాతి బరువుకు కాదు, దశాబ్దాల పాటు ఒక్కొక్క వినతిపత్రాన్ని ఫైలులో కుక్కి మూతబెట్టిన చేతుల బరువుకు. ఆ చేతులకు హోదాలున్నాయి, జీతాలున్నాయి, పదవీ విరమణ సన్మానాలు కూడా జరిగాయి.

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీపడ్డారు. వారిలో అత్యధికులు ఈ నీళ్ల గోడు ఢిల్లీకి వినబడాలనే నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఆ సవరణ మీద ప్రకృతి ఎక్కడ సంతకం పెట్టిందో న్యాయనిర్ణేతలను చూపించమనండి.