సోలారిస్ పతనానికి లైనక్స్‌ను నిందించొద్దు

సన్ మైక్రోసిస్టమ్స్ కథ ఐటీలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. 1982లో వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టోల్‌షైమ్, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ పెట్టిన కంపెనీ. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక రకమైన బీఎస్‌డీ పునాదిగా సన్‌ఓఎస్, ఏటీ అండ్ టీతో చేతులు కలిపాక సిస్టమ్ ఫైవ్ రిలీజ్ 4 అనే మరో యూనిక్స్, దానిమీద 1992లో సోలారిస్ 2 ఆపరేటింగ్ సిస్టమ్. తర్వాత చవక ఇంటెల్ సర్వర్ల మీద ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ పాకింది, 2010 జనవరిలో సన్ ఒరాకిల్ చేతికి పోయింది, సోలారిస్ మూలనపడింది. అందరూ అప్పజెప్పే పాఠం ఇదే. అసలు దెబ్బ కొట్టిందెవరో మాత్రం ఈ పాఠంలో కనిపించదు.

ఓడిపోతున్నదని ప్రపంచమంతా అంటున్న రోజుల్లోనే సోలారిస్ తన జీవితంలోకెల్లా గొప్ప పని చేసింది. 2005లో వచ్చిన సోలారిస్ 10లో జోన్స్ ఉన్నాయి: ఒకే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీద విడివిడి యంత్రాల్లా నడిచే గదులు. ఇలాంటి పనికే ఇవాళ వాడే డాకర్ రావడానికి అప్పటికి ఇంకా ఎనిమిదేళ్లుంది. నడుస్తున్న సిస్టమ్ లోపలికి తొంగిచూసే డీట్రేస్ ఉంది. బ్యాంకు సర్వర్ పట్టపగలు నడుస్తుండగానే, రీబూట్ లేకుండా, ఏ ఫంక్షన్ దగ్గర ఆలస్యమవుతోందో చూపించింది. ప్రోబ్ (పరిశీలన పెట్టే చోటు) ఆన్ చేయనంతసేపూ దాని భారం దాదాపు సున్నా. దాని స్క్రిప్టులు రాసే డీ భాషలో లూపులు (ఒకే పనిని తిప్పితిప్పి చేయించే ఆదేశాలు) లేవు. కావాలనే పెట్టలేదు, మనం రాసిన స్క్రిప్ట్ కెర్నల్‌ను ఇరికించి నిలబెట్టేయకుండా.

2006లో డిస్కుల మీద ఫైళ్లను భద్రపరిచే ఫైల్‌సిస్టమ్ జడ్‌ఎఫ్‌ఎస్ చేరింది. దీని దగ్గర కాస్త ఆగాలి. డిస్క్ చెడిపోతే తెలుస్తుంది. చెడిపోకుండానే తప్పు డేటా ఇస్తేనే ప్రమాదం. పలు డిస్కులను కలిపి నడిపే మామూలు రెయిడ్ కార్డుకు ఆ తేడా తెలియదు. జడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి బ్లాక్ (డేటా ముక్క) చెక్‌సమ్‌ను, అంటే డేటా మారితే పట్టిచ్చే అంకెను, ఆ బ్లాక్ పక్కన కాదు, దాన్ని చూపించే పై బ్లాక్‌లో దాస్తుంది. కాబట్టి డిస్క్ ఒకచోట రాయాల్సింది మరోచోట రాసినా దొరికిపోతుంది. మిర్రర్ (మరో డిస్కు మీద నకలు) ఉంటే మంచి ప్రతిని తెచ్చి చెడ్డదాన్ని సరిచేస్తుంది. పాత బ్లాక్ మీద ఎప్పుడూ రాయదు. అందుకే మధ్యలో కరెంటు పోయినా ఫైల్‌సిస్టమ్ సగం పాతా సగం కొత్తగా మిగలదు. దీనికీ పరిమితులున్నాయి. డీడూప్ (ఒకే డేటాను రెండుసార్లు దాచకపోవడం) ఆన్ చేస్తే ఒక్కో బ్లాక్‌కు సుమారు 320 బైట్ల ర్యామ్ కావాలి. 128 కేబీ బ్లాకులతో ఒక టీబీకి రెండున్నర జీబీ పైచిలుకు. అదే 8 కేబీ డేటాబేస్ బ్లాకులైతే దానికి పదహారు రెట్లు. లెక్క చూసుకోకుండా ఆన్ చేసినవాళ్ల సర్వర్లు నత్తనడక నడిచాయి.

ధరే సోలారిస్‌ను ముంచిందనేవాళ్ల మాటలో కొంత నిజముంది. సన్ సొంత ప్రాసెసర్ స్పార్క్ ఖరీదైనదే. 2002లో ఇంటెల్ మెషిన్లకు సోలారిస్ 9ను వాయిదా వేస్తున్నామని ప్రకటించి సన్ తన వాడుకరులనే దూరం చేసుకుంది. అయితే ధర దెబ్బతీసేది అమ్మకాలను. అమ్మేవాడే లేని మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ ఇవాళ్టికీ బతికే ఉంది కదా!

2005 జూన్‌లో సన్ ఓపెన్‌సోలారిస్ పేరుతో సోలారిస్ సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన మూల కోడ్) బయటపెట్టింది. 2010 ఆగస్టులో ఒరాకిల్ ఆ తలుపు మూసింది. 2011 నవంబరులో సోలారిస్ 11 వచ్చింది, దాని కెర్నల్ సోర్స్ రాలేదు. 2017కల్లా సోలారిస్ 12 ప్రణాళికలోంచే మాయమైంది. తలుపు తెరిచి ఉన్న ఆ ఐదేళ్లలో బయటికొచ్చిన కోడ్ మాత్రం ఇల్యూమోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌గా, ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌గా పెరుగుతూనే ఉంది. తండ్రి ఒక్కడే, లైనక్స్ పోటీ ఇద్దరికీ ఒక్కటే. ఒకరు ఎదిగి ఒకరు ఎండిపోవడానికి, సోర్స్‌ను ఎవరు వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ తప్ప ఇంకో కారణం చూపించగలరా?

ఆ చీలిక ఇవాళ అడ్మిన్‌ల పాలిట ఒక అంకె: 28. ఒరాకిల్ సోలారిస్, ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ రెండువైపులా చదవగల ఆఖరి పూల్ (జడ్‌ఎఫ్‌ఎస్ కలిపి వాడే డిస్కుల సముదాయం) వెర్షన్ అదే. సోలారిస్ 11లో జడ్‌పూల్ అప్‌గ్రేడ్ కమాండ్ కొడితే ఆ గీత దాటిపోతారు, వెనక్కి దించే కమాండ్ లేదు. అటువైపు ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ కొత్త ఫీచర్లు ఆన్ చేసిన పూల్‌ను సోలారిస్ ముట్టదు. బయటపడాలంటే ఖాళీ డిస్కుల మీద పూల్ వెర్షన్ 28, ఫైల్‌సిస్టమ్ వెర్షన్ 5 అని స్పష్టంగా ఇచ్చి కొత్త పూల్ కట్టాలి, ఫైళ్లను ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో మోయాలి. జడ్‌ఎఫ్‌ఎస్ సొంత కాపీ పద్ధతి సెండ్-రిసీవ్‌ను నమ్ముకోవద్దు, ఫైల్‌సిస్టమ్ వెర్షన్ 5 దాటిన స్ట్రీమ్‌ను అటువైపు తీసుకోదు. మీ డేటా, మీ డిస్కులు, ఇంటికి దారి మాత్రం కంపెనీ చేతిలో.

ప్రజల సొమ్ముతో నడిచే వ్యవస్థలకు ఈ గతి పట్టకూడదు. ఓపెన్ సోర్స్‌ను కాదంటే కారణం చెప్పాలని కేంద్ర ప్రభుత్వ విధానం 2015లోనే సరఫరాదారులను ఆదేశించింది. అది చాలదు. భూమి రికార్డులైనా, ఆసుపత్రి రికార్డులైనా, రెండు తెలుగు రాష్ట్రాల ప్రతి టెండర్‌లోనూ సోర్స్ మొత్తం, దాన్ని బిల్డ్ చేసే (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే) విధానం, డేటా ఫార్మాట్ వివరణ శాఖకు దఖలు పడాలి. కాగితం మీద అప్పగింత పనికిరాదు. ఖాళీ మెషిన్ మీద శాఖ ఉద్యోగే ఆ సోర్స్‌ను బిల్డ్ చేసి, బ్యాకప్‌లోంచి డేటా ఎక్కించి, నడిపి చూడాలి. చివరి వాయిదా బిల్లు ఆ తర్వాతే పాస్ చేయాలి.