మాటకో రోజు ఇవ్వండి

ఆకాశవాణి తెలుగు కేంద్రాలు వారానికి ఒక్క రోజు సినిమా పాటను పూర్తిగా పక్కనపెట్టాలని, తెల్లవారి వందేమాతరం దగ్గర్నుంచి రాత్రి ప్రసారాలు ముగిసేదాకా మాటలే వినిపించాలని మేం కోరుతున్నాం. వార్త, చర్చ, ప్రసంగం, నాటకం, రైతు ప్రశ్న, డాక్టరు జవాబు, పాత రికార్డు, ఏదైనా సరే. అదీ ఇంట్లో సెట్టు ఉన్న కొద్దిమందికే అందే మీడియం వేవ్ మీద కాదు, కారులోనూ మామూలు సెల్‌ఫోన్లోనూ పలికే ఎఫ్‌ఎం మీద.

ఈ మాట వినగానే నవ్వేవాళ్లుంటారు. పాటల కోసమైనా రేడియో పెట్టని రోజుల్లో రోజంతా మాటలెవరు వింటారని అడుగుతారు. అలా అడిగేవారు ఒక్కసారి తమ ఇంట్లోనే చూసుకోవాలి. యూట్యూబ్‌లో గంటన్నర ప్రవచనం పెట్టుకుని, ఫోను బోర్లించి, పప్పులోకి తాలింపు వేసుకుంటున్నవారు ఎంతమంది లేరు? రెండు గంటల పాడ్‌కాస్టు చెవిలో పెట్టుకుని ఆఫీసు బస్సెక్కే కుర్రాళ్లకూ కొదవ లేదు. బొమ్మ చూడకుండా మాట వినే అలవాటు ఎక్కడికీ పోలేదు. రేడియో గడప దాటి వేరే ఇంటికి వెళ్లిందంతే. ఆ ఇంట్లో జవాబుదారీ మాత్రం లేదు. కషాయంతో క్యాన్సర్ తగ్గిస్తాననేవాడూ, నలభై ఏళ్లు రోగులను చూసిన డాక్టరూ అక్కడ ఒకే వరసలో కూర్చుంటారు. ఎవరి మాట నమ్మాలో వినేవాడే తేల్చుకోవాలి. టీవీ చర్చల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరుగురిని ఆరు గడుల్లో కూర్చోబెట్టి, నలుగురు ఒకేసారి అరిస్తే కార్యక్రమం రక్తి కట్టిందనుకుంటున్నారు.

నిజానికి తెలుగువారికి ఆదివారం ఒకప్పుడు మాటల రోజే. హైదరాబాద్ నుంచి రేడియో అన్నయ్య, అక్కయ్యల పిల్లల కార్యక్రమం బాలానందం. విజయవాడ నుంచి మధ్యాహ్నం ఉషశ్రీ భారతం, రామాయణం. భోజనాలయ్యాక మూడు గంటలకు నాటకం. వీధిలో నాలుగిళ్లకు ఒక సెట్టు ఉన్నా చాలు, వీధంతా వినేది. సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రం కూడా వచ్చేది. దాన్ని మాటల లెక్కలో వేయాలా, సినిమా లెక్కలో వేయాలా అన్న పేచీ వస్తే మేం శ్రోతల పక్షాన ఉంటాం, వినిపించమనే చెబుతాం.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ అయింది. బుచ్చిబాబు, గోపీచంద్, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారు ఉద్యోగం చేసిన సంస్థ ఇది. ఉత్తమ రచయితలకు రేడియో నెల జీతం ఇచ్చింది. వాళ్లు రేడియోకు ఒక తెలుగునిచ్చారు. గ్రాంథికం పోయి, అలాగని వీధి మాటా కాక, పల్లెలో పదో తరగతి తప్పినవారికీ పట్నంలో ప్రొఫెసరుకూ ఒకేలా అర్థమయ్యే భాష ఒకటి స్థిరపడిందంటే అందులో పత్రికల వాటా ఎంతో, రేడియో వాటా అంతకు తక్కువ కాదు.

ఆ ప్రసంగాలు ఎలా తయారయ్యేవో గుర్తుచేసుకోవడం మంచిది. ముందు కాంట్రాక్టు కాగితం వచ్చేది. పది నిమిషాలంటే పదే. స్క్రిప్టు చూసే అధికారి నాలుక తిరగని సమాసాలకు, చెవికెక్కని అంకెలకు కత్తెర వేసేవాడు. స్టూడియోలోకి వెళ్లేముందు కాగితాలకున్న పిన్ను తీసేయించేవారు. పేజీ తిప్పితే మైకులో అది గాలివానలా వినిపిస్తుంది, అందుకని చదివిన కాగితాన్ని చప్పుడు లేకుండా పక్కకు జరపాలి. ఎర్రదీపం వెలిగాక దగ్గు వచ్చినా మింగుకోవాల్సిందే. కొత్తవారికి చెప్పే సలహా ఒకటుండేది: ఎదురుగా ఒకే ఒక్క మనిషి కూర్చున్నాడనుకుని చెప్పండి అని. వేదికల మీద గొంతు చించుకునే మహావక్తలు కూడా ఆ గదిలో ఇంట్లో మనిషిలా మాట్లాడటం నేర్చుకున్నారు.

ఆ పద్ధతే తర్వాత తర్వాత జబ్బుగా మారింది. రాసింది చదవడమే ప్రసంగమైపోయింది. శాఖ నుంచి అధికారి వస్తాడు, శాఖ పంపిన నోట్ చదువుతాడు, ఈ అవకాశాన్ని అందరూ సద్వినియోగం చేసుకోవాలని ముగిస్తాడు. ఆ వాక్యం రాకముందే సగంమంది స్టేషన్ మార్చేస్తున్నారు. అందులో శ్రోతల తప్పేం లేదు. మేం అడుగుతున్న మాటల రోజు ఇలాంటి పారాయణాలతో నిండేదైతే దానికంటే పాత పాటలే నయం.

మాట బతికున్నది ఎక్కడంటే ఫోన్-ఇన్ కార్యక్రమాల్లో. మిరప రైతు ఫోన్ చేస్తాడు. ముందు ఊరు, మండలం. వెంటనే అనౌన్సర్, "మీ రేడియో సౌండు కాస్త తగ్గించండి" అంటుంది. తగ్గిస్తాడు. ఆకు ముడుచుకుంటోందని, పూత రాలుతోందని చెబుతాడు. శాస్త్రవేత్త వెంటనే మందు పేరు చెప్పడు. ఏ రకం వేశారు, నాటి ఎన్నాళ్లయింది, పువ్వులో పురుగు నల్లగా ఉందా పసుపుగా ఉందా అని అడుగుతాడు. ఇప్పటికి ఏం కొట్టారని అడిగితే రైతు నాలుగు మందుల పేర్లు చదువుతాడు. అటువైపు ఒక క్షణం మౌనం. "అన్నీ కలిపి కొట్టారాండీ?" ఆ ఒక్క ప్రశ్నతో వింటున్న వందమంది రైతులకు సంగతి అర్థమవుతుంది. 2021-22లో నల్లతామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు పురుగుమందుల దుకాణం చెప్పిందే వేదమైపోయింది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, మందు మీద మందు కొట్టొద్దని చెప్పే గొంతు పొలం గట్టున రోజూ వినపడి ఉంటే కొందరికైనా ఖర్చు తగ్గేది. ఇలాంటి సంభాషణకు అరగంటే ఇచ్చి, ఏడో ఫోను మోగుతుండగా సమయం అయిపోయిందని కట్టేయడం మాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మూడు గంటలివ్వండి. ఆ రోజు టైం ఎలాగూ ఉంటుంది.

పొలానికి రేడియో మాట చేసిన మేలు ఊహాగానం కాదు. తంజావూరు డెల్టాలో ఏడీటీ-27 వరి రకం రేడియో కార్యక్రమాల వల్లే వ్యాపించి, చివరికి రేడియో వరి అన్న పేరుతోనే నిలిచిపోయింది. బ్రిటన్‌లో 1951 నుంచి నేటిదాకా నడుస్తున్న ది ఆర్చర్స్ ధారావాహిక కూడా యుద్ధం తర్వాత రైతులకు కొత్త సాగు పద్ధతులు చెప్పడానికి పుట్టిందే. అది వచ్చే బీబీసీ రేడియో 4లో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా దాదాపు అంతా మాటే. వాళ్లకు వారానికొక రోజు కాదు, ప్రతి రోజూ మాటల రోజే.

మరి మన దగ్గర అడ్డేమిటి? మొదటి అడ్డు తరంగం. ఆకాశవాణి మాట ప్రధానంగా విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖ 927, కడప 900 కిలోహెర్ట్జ్‌ల మీద పెరిగింది. ఇవన్నీ మీడియం వేవ్. ఏ సెల్‌ఫోనూ దాన్ని పట్టదు. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉన్నా, పక్కనే ఎల్‌ఈడీ బల్బు వెలిగితే, చార్జర్ పెడితే గరగరలు. పాటలకేమో ఎఫ్‌ఎం ఇచ్చారు, ఆకాశవాణి ఛానళ్లయిన వివిధభారతి, రెయిన్‌బో హాయిగా వినిపిస్తాయి. అంటే తేటగా వినపడేచోట పాట, వినపడనిచోట మాట. ఆపైన మాటకు శ్రోతలు లేరని లెక్కలు. ఇదేం న్యాయం? యాప్ ఉంది కదా అంటారు. ఉంది, బాగానే పనిచేస్తుంది, డేటా ఉన్నంతసేపు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ డాబాల మీద కూర్చున్నవారిని అడగండి, కరెంటు పోయి, ఫోను చార్జింగ్ అయిపోయాక యాప్ ఎంత అక్కరకొస్తుందో. ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్‌ను తీసేయొద్దని, ఉన్నదాన్ని పనిచేయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో కేంద్రం తయారీ కంపెనీలకు సూచించింది. సూచన కాబట్టి సూచనగానే మిగిలింది. కొత్త ఫోన్లు కొన్నవారు అందులో రేడియో ఎక్కడుందో వెతుక్కుంటూనే ఉన్నారు.

ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసార వ్యవస్థను మెరుగుపరచడానికి 2023 జనవరిలో ఆమోదించిన బైండ్ పథకానికి రూ.2,539 కోట్లు కేటాయించారు. ఎఫ్‌ఎం ప్రసారాలను 80 శాతం జనాభాకు చేర్చాలన్నది అందులో ఒక లక్ష్యం. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రధాని ఒకేసారి 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించారు. మంచిదే. కానీ అవి వంద వాట్ల రిలే ట్రాన్స్‌మిటర్లు. పక్కన స్టూడియో లేదు, మైకు లేదు, ఆ ఊరి మనిషి ఎవరూ లేరు. ఎక్కడి నుంచో వచ్చినదాన్ని ఊళ్లోకి వదిలే పని వాటిది. స్తంభాలకు డబ్బు దొరుకుతోంది, గొంతులకు దొరకడం లేదు.

గొంతుల సంగతి మరీ దారుణం. శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి అరకొరగా సాగుతున్నాయి. రోజువారీ ప్రసారాల్లో పెద్ద భారం క్యాజువల్ అనౌన్సర్ల మీదే ఉంది. నెలకు కొన్ని డ్యూటీలు, వాటికి లెక్కగట్టి కొంత సొమ్ము. దానికోసం వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన కథ వేరే చెప్పాలి. 2018 డిసెంబర్‌లో జాతీయ ఛానల్‌ను మూసేస్తూ, దానితోపాటు ఐదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలనూ మూసేయాలని నిర్ణయించారు. అందులో హైదరాబాద్ ఒకటి. ఖర్చు తగ్గించుకోవడమన్నారు. రేడియోలో మాట్లాడటం నేర్పే బడిని మూసి, మాట్లాడేవాళ్లు కరవయ్యారంటే ఎవరిని తిట్టాలి?

రెండో అడ్డు భయం. ఆకాశవాణికి దశాబ్దాల నాటి నియమావళి ఒకటుంది. కేంద్రంపైనా, రాష్ట్రాలపైనా ద్వేషపూరిత విమర్శ కూడదంటుంది. ద్వేషం కూడదంటే ఎవరూ కాదనరు. ఆచరణలో మాత్రం విమర్శే కూడదన్నట్టు తయారైంది. రోడ్డు గుంతల గురించి ఫోన్ చేసినవాడిని కూడా సున్నితంగా పక్కకు తప్పిస్తారు. ఈ సంపాదకీయాన్నే రేపు పొద్దున ఆకాశవాణిలో పూర్తిగా చదవనిస్తారా అంటే మాకు అనుమానమే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 1990 నాటి చట్టం 1997లో అమల్లోకి వచ్చి, ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసారభారతి ఏర్పడింది. పేరుకు స్వయంప్రతిపత్తి వచ్చింది, ఢిల్లీ వైపు చూసి గొంతు సవరించుకునే అలవాటు పోలేదు. ఇటీవలి కాలంలో రేడియో మాటకు దేశవ్యాప్తంగా ప్రచారం తెచ్చింది 2014 అక్టోబర్ 3న మొదలైన మన్ కీ బాత్. ప్రధాని రేడియోను ఎంచుకున్నారంటే ఆ సాధనం సత్తా ఆయనకు తెలుసనే అర్థం. కానీ అది ఒకవైపు మాట. శ్రోతల ఉత్తరాలు అందులో ఉంటాయి, ఎదురు ప్రశ్న ఉండదు. మేం అడిగే రోజు ఆదివారమే అయితే నెలాఖరున ఉదయం పదకొండు గంటలకు దానికీ చోటుంటుంది. మిగతా గంటల్లో ప్రజలు ఎదురు ప్రశ్న అడిగే వీలుండాలన్నదే మా కోరిక.

ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఈ పని చేస్తాయని ఆశపడటం దండగ. సొంత వార్తలు చెప్పడానికి వాటికి అనుమతే లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చంతే. పైగా ప్రకటనకూ ప్రకటనకూ మధ్య వాళ్ల జాకీకి దొరికేది అరనిమిషం. మరోవైపు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి నడుస్తున్న సంగం రేడియోను చూడండి. దళిత మహిళలే మైకు పట్టుకుని, తమ యాసలోనే విత్తనాల గురించి, మందుల గురించి, పండుగల గురించి మాట్లాడుతున్నారు. బడిలో నేర్చిన ఉచ్చారణ వాళ్లకు లేదు, విన్నవాళ్లెవరూ ఆ లోటు చూడలేదు. ఆకాశవాణి ఇప్పటికీ ఆడిషన్‌లో యాస వినపడితే మార్కులు కోసే మనస్తత్వం నుంచి పూర్తిగా బయటపడలేదు. శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలా, అనంతపురం మనిషి అనంతపురంలా, ఆదిలాబాద్ గోండు తన గోండిలో రోజంతా మాట్లాడితే మిగతా తెలుగువాళ్లకు వచ్చే నష్టమేమిటి?

ఇక సరుకు లేదన్న సాకు చెల్లదు. టేపుల కొరత రోజుల్లో పాత స్పూళ్ల మీదే కొత్తవి రికార్డు చేసి పోగొట్టుకున్నవి పోగా, మిగిలినవి తక్కువేం కాదు. అభిమానులు ఇంట్లో క్యాసెట్లలోకి ఎక్కించి దాచుకున్న ఉషశ్రీ గొంతును ఇంటర్నెట్‌లో వినేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు వింటున్నదాన్ని దర్శిలో ఉన్నవాడికి వినిపించలేకపోవడం చేతగానితనం కాక మరేమిటి? బీరువాల్లో ఉన్నదాన్ని డిజిటల్ చేసి, ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలు పాత నాటకాలకు, పాత ఇంటర్వ్యూలకు ఇచ్చినా ఏడాదిపాటు కొరత రాదు.

దీనికి కొత్త ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 101.9, విజయవాడలో 102.2 రెయిన్‌బోలు ఇప్పటికే ఉన్నాయి. సైఫాబాద్‌లో, పున్నమ్మతోటలో స్టూడియోలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం శాస్త్రవేత్తలు, ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు పిలిస్తే వచ్చే దూరంలో ఉన్నారు. రెండు రాష్ట్రాల కేంద్రాలు వంతులేసుకుంటే నెలకు ఒక్కోదానికి రెండు ఆదివారాలే పడతాయి. కావాల్సింది ఆ రోజు ప్రసారాల షెడ్యూలు స్థానికంగా నిర్ణయించుకోమని ఢిల్లీ నుంచి ఒక పేజీ ఉత్తర్వు, ఆ రోజు పనిచేసే క్యాజువల్ సిబ్బందికి సకాలంలో చెక్కు. ప్రసారభారతి ఈ రెండూ ఉగాదిలోపు ఇవ్వాలి. ఉగాది కవిసమ్మేళనాన్ని ఆకాశవాణి ఏటా ఎలాగూ ప్రసారం చేస్తుంది కనుక మొదటి మాటల రోజుకు ఆ పూట నుంచే శ్రీకారం చుట్టవచ్చు.